ఢిల్లీది ఎంత, హైదరాబాద్‌ది ఎంత, మన మండలానిది ఎంత: చదువుల శాఖలపై తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ వచ్చిందంటే నల్లగొండలో మా అరుగు ముందు చెప్పులు పెరుగుతాయి. సర్కారు బడిలో పంతులుగా చేసి రిటైరైనవాణ్ని కదా, ఊరోళ్లు, చుట్టాలు, పాత విద్యార్థులు ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని వస్తారు. కవర్లో మెమో, టీసీ, ఆధార్ జిరాక్సు. అడిగేవి వేరువేరుగా ఉంటాయి గానీ తేల్చుకోవాల్సింది ఒక్కటే: మనకు కావాల్సిన కాగితం మీద ముద్ర ఎవరిది, ఆ ముద్ర వేసేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? అది తెలియక మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అయ్యే పనికి హైదరాబాద్ బస్సెక్కినోళ్లున్నారు. ముద్రే లేని కాగితానికి వేలు పోసినోళ్లూ ఉన్నారు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఇవి.

సార్, అసలు చదువు కేంద్రం చేతిలో ఉన్నదా, రాష్ట్రం చేతిలో ఉన్నదా?

ఇద్దరి చేతిలోనూ ఉంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ వచ్చేదాకా చదువు రాష్ట్రాల జాబితాలో ఉండేది. ఆ సవరణతో ఉమ్మడి జాబితాలోకి పోయింది. ఢిల్లీలో విద్యా మంత్రిత్వ శాఖ ఉంది. దానికి 1985లో మానవ వనరుల అభివృద్ధి శాఖ అని పేరు పెట్టారు, 2020లో కొత్త జాతీయ విద్యా విధానంతో పాటు పాత పేరే మళ్లీ తెచ్చారు. అందులో బడి చదువులకు ఒక విభాగం, కాలేజీ చదువులకు ఒక విభాగం.

విధానం రాయడం, నమూనా పుస్తకాలు తయారుచేయడం, సొంతంగా కొన్ని బడులు నడపడం, రాష్ట్రాలకు డబ్బులివ్వడం కేంద్రం పని. బడుల ఖర్చుకు సాయపడే సమగ్ర శిక్షా, మధ్యాహ్న భోజనం లాంటి పథకాల్లో మన రాష్ట్రానికి కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. టీచర్లను వేయడం, బదిలీలు, టెన్త్ పరీక్ష, ఇంటర్ పరీక్ష అన్నీ రాష్ట్రానివే. మీ ఊరి బడిలో లెక్కల సార్ లేడని ఢిల్లీకి ఉత్తరం రాస్తే అది తిరిగి తిరిగి మన జిల్లా విద్యాధికారి (డీఈఓ) టేబుల్ మీదికే వస్తుంది.

పుస్తకాలు ఎవరు రాస్తారు? ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు మన పిల్లలకు ఎందుకియ్యరు?

ఎన్‌సీఈఆర్‌టీ 1961లో ఢిల్లీలో పెట్టిన సంస్థ. పాఠ్యప్రణాళిక ఎట్లుండాలో చెప్తుంది, పుస్తకాలు రాస్తుంది, కానీ రాష్ట్రాలను ఆ పుస్తకాలే వాడమని బలవంతపెట్టే అధికారం దానికి లేదు. మన రాష్ట్రంలో దానిలాంటి రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ రాస్తుంది. సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా ఉండే పుస్తకాలు ఇస్తున్నారు. నాకైతే ఈ మధ్య కాలంలో జరిగిన మంచి పనుల్లో ఇదొకటి అనిపిస్తుంది. ఇంట్లో తల్లి తెలుగు పేజీ చదివి బిడ్డకు ఇంగ్లిష్ పేజీ చెప్పొచ్చు.

మా పక్క ప్రైవేటు బడి బోర్డు మీద సీబీఎస్‌ఈ అని రాసి ఉంది. నమ్మొచ్చా?

బోర్డు మీద రాయడానికి పెయింటర్ చాలు, అనుబంధానికి, అంటే తమ కింద చేర్చుకున్నట్టు గుర్తింపుకు, కేంద్ర పరీక్షల బోర్డు సీబీఎస్‌ఈ కావాలి. ఈ ప్రశ్నకు నేను కొంచెం కోపంగానే జవాబు చెప్తా. మా తమ్ముడి కొడుకును ఒక పట్టణంలో అట్లాంటి బడిలోనే వేశారు. ఏడేళ్లు ఫీజు కట్టారు. తొమ్మిదో తరగతిలో పేర్ల రిజిస్ట్రేషన్ టైముకు తేలిందేమిటంటే, వాళ్లకున్నది రాష్ట్ర గుర్తింపు మాత్రమే. పుస్తకాలు సీబీఎస్‌ఈవి, పరీక్ష మాత్రం ఎస్‌ఎస్‌సీ. పిల్లవాడు ఒక్క ఏడాదిలో తెలుగు, సోషల్ కొత్త పుస్తకాలతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అడిగితే "సిలబస్ సీబీఎస్‌ఈ అన్నాం గానీ బోర్డు సీబీఎస్‌ఈ అన్లేదు గదా" అన్నారు.

కాబట్టి అడ్మిషన్ ముందే అనుబంధం నంబర్ అడగండి. ఆ నంబర్‌ను సీబీఎస్‌ఈ వారి సారస్ పోర్టల్‌లో వెతికితే బడి పేరు, చిరునామా, ఏ తరగతి దాకా అనుమతి ఉందో కనిపిస్తాయి. చిరునామా కూడా చూడండి, ఎందుకంటే ఒక బ్రాంచి అనుబంధం చూపించి ఇంకో బ్రాంచిలో చేర్చుకోవడం కొత్తేమీ కాదు. సీబీఎస్‌ఈ బడులన్నీ తమ వివరాలు సొంత వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా పెట్టాలన్న నిబంధన ఉంది. పిల్లల పేర్లను బోర్డు తొమ్మిదిలోనే రిజిస్టర్ చేస్తుంది. అప్పటికి సందేహం తీరకపోతే ఆలస్యమైపోయినట్టే.

ఇంకో మాట. రాష్ట్ర సిలబస్ తక్కువదేమీ కాదు. టెన్త్ తర్వాత పాలిటెక్నిక్, ఐటీఐ, ఇంటర్ ఏ దారి పట్టినా ఎస్‌ఎస్‌సీ మెమో చక్కగా నడుస్తుంది.

నవోదయ సీటు ఎట్లా? మా జిల్లా మారింది కదా, ఎక్కడ రాయాలె?

నవోదయ అంటే కేంద్రం నడిపే హాస్టల్ బడి. దానికీ మన నల్లగొండకూ చుట్టరికం ఉంది. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ఊరి పేద పిల్లలకు హాస్టల్, మంచి చదువు ఒకే చోట. 1985లో ఆయనే కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యారు. నవోదయ విద్యాలయాలు దేశమంతా వచ్చింది ఆ కాలంలోనే. సర్వేల్ ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది.

నల్లగొండ జిల్లా నవోదయ చలకుర్తిలో ఉంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ నవోదయ వట్టెంలో ఉంది. 2016లో జిల్లాలు విడగొట్టాక వట్టెం నాగర్‌కర్నూల్ జిల్లాలోకి పోయింది, అంటే మహబూబ్‌నగర్ జిల్లాకు సొంత నవోదయ లేకుండా పోయింది. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తెలంగాణకు 7 కొత్త నవోదయలు మంజూరు చేసింది. అందులో మహబూబ్‌నగర్, సూర్యాపేట ఉన్నాయి. మీ జిల్లా పిల్లలు ఏ విద్యాలయానికి రాయాలో ఆ ఏడాది నోటిఫికేషన్ చూసి నింపండి. పాత అలవాటు మీద నింపితే ఫారం పనికిరాకుండా పోతుంది.

పరీక్ష అయిదో తరగతి చదివేటప్పుడు రాయాలి, ఆరులో చేరతారు. ఒక్కసారే అవకాశం. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. తెలుగులో రాయొచ్చు. సగం ప్రశ్నలు బొమ్మలు, క్రమాలు చూసి ఆలోచించేవే. ట్యూషన్ లేకుండా కూడా పాత ప్రశ్నపత్రాలతో ఇంట్లో చేయించొచ్చు. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకు. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. మంచి చదువని నాలుగో తరగతికి పట్నంలో చేర్పిస్తారు, తర్వాత నవోదయకు పల్లె కోటా అడుగుతారు.

తిండి, బట్టలు, పుస్తకాలు, హాస్టల్ ఉచితం. తొమ్మిది నుంచి కొందరు నెలకు 600 రూపాయలు వికాస నిధి కట్టాలి. ఆడపిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలకు అదీ లేదు. తొమ్మిదిలో కొంతమందిని ఏడాది పాటు వేరే భాషా రాష్ట్రపు నవోదయకు పంపుతారు. తల్లులు ఏడుస్తారు గానీ తిరిగొచ్చిన పిల్లలు హిందీ గడగడా మాట్లాడతారు.

దీపావళి అయినంక ముంబయి, పుణె పనికి పోతాం. పిల్లల పేరు బడిలో ఉంటదా? అక్కడ చేర్చుకుంటరా?

నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు నుంచి ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, ఇప్పుడు దేశమంతా నడుస్తుంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. పని కోసం వేరే రాష్ట్రం పోయినా అక్కడి సర్కారు బడి చేర్చుకోవాల్సిందే. మీ బడి హెచ్‌ఎం టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడివాళ్లు చేర్చుకోకపోవడం కుదరదు. పుట్టిన తేదీ కాగితం లేదన్న సాకు కూడా చెల్లదు. ఏడాది మధ్యలో చదువు ఆగిపోయి ఉంటే వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేకంగా చెప్పాలి. రెండో తరగతిలో కూర్చున్న పన్నెండేళ్ల పిల్ల రెండు నెలల్లో బడి మానేస్తుంది. చట్టం రాసినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

వీలైతే పిల్లల్ని వెంట తీసుకుపోకండి. సమగ్ర శిక్షా కింద వలస కాలపు హాస్టళ్లు నడిపించే వీలుంది. తల్లిదండ్రులు పనికి పోయిన ఆరేడు నెలలు పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకుంటారు. మీ ఊళ్లో ఎంతమంది పిల్లలున్నారో జాబితా దసరా లోపే హెచ్‌ఎంకు, ఎంఈఓకు ఇస్తే అడగడానికి బలం ఉంటుంది. పోయే రోజు పొద్దున అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. ఆడపిల్లలకైతే కస్తూర్బా విద్యాలయం ఉంది. ఆరో తరగతి నుంచి ఉచిత హాస్టల్, మధ్యలో మానేసినవాళ్లకు మొదటి పిలుపు.

ఎనిమిదో తరగతిలో ఒక స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటదట కదా?

ఉంది. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్, పొట్టి పేరు ఎన్‌ఎంఎంఎస్. డబ్బు కేంద్ర విద్యాశాఖది, పరీక్ష పెట్టేది మన రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ, ప్రైవేటు పిల్లలకు లేదు. రెండు పేపర్లు, ఒక్కో దాంట్లో 90 ప్రశ్నలు. గెలవడం కంటే నిలబెట్టుకోవడమే కష్టం: ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి. మర్చిపోతే డబ్బు ఆగుతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాకపోయినా ఆగుతుంది.

టెన్త్ ఫెయిలై పదేళ్లయింది. ఓపెన్‌ల రాస్తే ఆ సర్టిఫికెట్ నడుస్తదా?

నడుస్తుంది, సరైన ఓపెన్ అయితే. రెండు ఉన్నాయి. ఒకటి కేంద్రానిది, ఎన్‌ఐఓఎస్. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైంది. ఇంకోటి రాష్ట్రానిది, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. మన దగ్గర ఓపెన్ టెన్త్ అంటే ఎక్కువగా రాష్ట్రానిదే. దాని స్టడీ సెంటర్ పక్క హైస్కూల్లోనే ఉంటుంది కాబట్టి కూలికి పోయేవాళ్లకు అదే వీలు. రెండింటికీ 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు. ఎన్‌ఐఓఎస్‌లో ఒక్కసారి చేరితే అయిదేళ్లలో విడివిడిగా సబ్జెక్టులు పాసుకావచ్చు. అన్నీ ఒకేసారి అక్కర్లేదు.

మూడోది ఒకటుంటుంది: ఢిల్లీ పేరు పెట్టుకుని, గోపురం బొమ్మ వేసి, "నెల రోజుల్లో టెన్త్, పరీక్ష అక్కర్లేదు" అనేది. అది చిత్తుకాగితం. ఉద్యోగం వచ్చాక వెరిఫికేషన్‌లో బయటపడితే ఉద్యోగం పోతుంది, కేసూ అవుతుంది.

ఐటీఐ ఎవరిది? డీఈఓ ఆఫీసుకు పోతే మాది కాదన్నరు.

వాళ్లు చెప్పింది నిజమే. ఐటీఐ విద్యాశాఖది కాదు. రాష్ట్రంలో కార్మిక, ఉపాధి, శిక్షణ శాఖ కింద నడుస్తుంది. కేంద్రంలోనూ అది విద్యాశాఖది కాదు. ఐటీఐల పథకం 1950 నాటిది, చాలా ఏళ్లు కార్మిక శాఖ కింద ఉండేది. 2014లో నైపుణ్యాభివృద్ధి శాఖ పుట్టాక, 2015లో శిక్షణ డైరెక్టరేట్ అక్కడికి మారింది. సిలబస్, పరీక్ష, సర్టిఫికెట్ ఆ డైరెక్టరేట్‌వి. భవనం, సార్లు, అడ్మిషన్లు రాష్ట్రానివి. వృత్తి శిక్షణల నాణ్యతను చూడటానికి ఎన్‌సీవీఈటీ అనే మండలి 2020 నుంచి పనిచేస్తోంది. దానికి ముందున్న పాత మండలి ఎన్‌సీవీటీ పేరు మాత్రం జనం నోట్లోంచి పోలేదు, కంపెనీ ప్రకటనల్లోంచీ పోలేదు.

అందుకే అడ్మిషన్ ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: "ఈ ట్రేడుకు జాతీయ గుర్తింపు ఉందా, రాష్ట్ర గుర్తింపేనా?" రైల్వే, పెద్ద ప్రభుత్వరంగ సంస్థల నోటిఫికేషన్లలో జాతీయ సర్టిఫికెట్ అడుగుతారు. ఒకే ఐటీఐలో ఒక ట్రేడుకు గుర్తింపు ఉండి, పక్క ట్రేడుకు లేకపోవచ్చు. ప్రైవేటు ఐటీఐలో "హాజరు మేం చూసుకుంటాం, మీరు పనికి పోండి" అంటే లేచి వచ్చేయండి. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు కావాలి. హాజరు దొంగలెక్కయితే చేతికి పని రాదు. కాగితం చూసి పిలిచిన ఫోర్‌మన్ మొదటి రోజే వెల్డింగ్ రాడ్డు చేతికిచ్చి చూస్తాడు.

ఏ ట్రేడు మంచిది?

ఎలక్ట్రీషియన్ అని అందరూ ఎగబడతారు, ఆ సీట్లే ముందు నిండుతాయి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు. వెల్డర్, డీజిల్ మెకానిక్, కంప్యూటర్ ఆపరేటర్ ఏడాదివి. నా మాట అడిగితే మన చుట్టూ ఏముందో చూడమంటాను. దామరచర్ల దగ్గర వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. కృష్ణ పక్కన వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, మిర్యాలగూడ నిండా రైసుమిల్లులు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలు. వీటిలో ఫిట్టర్, వెల్డర్‌కు పని దొరుకుతుంది. వెల్డర్ ట్రేడుకు టెన్త్ పాస్ కూడా అవసరం లేదు, ఎనిమిది చాలు. పొగ, వేడి, కళ్ల మంట ఉంటాయని అబ్బాయికి ముందే చెప్పి పంపండి.

ఆడపిల్లను కుట్టుపనికో కంప్యూటర్‌కో మాత్రమే పంపాలన్న రూలు ఎక్కడా లేదు. ఎలక్ట్రీషియన్‌లో చేరిన అమ్మాయిలను నేను చూశాను. మొదటి నెల క్లాసు మగపిల్లలు నవ్వారు, రెండో నెల ఆ అమ్మాయిల నోట్సు అడిగారు.

2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని రాష్ట్రం మొదలుపెట్టింది. మీ దగ్గరి ఐటీఐ ఆ జాబితాలో ఉంటే రోబోటిక్స్ లాంటి కొత్త కోర్సులు అడగండి. కొత్త మెషిన్ ఉందంటే సరిపోదు, దాన్ని నేర్పే సార్ ఉన్నాడో లేదో కూడా చూసి రండి.

ఐటీఐ తర్వాత చదువు ఆగిపోయినట్టేనా?

కాదు. రెండేళ్ల ట్రేడు పాసైతే ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా తర్వాత ఈసెట్, దాంతో బీటెక్ రెండో ఏడాది. దారి పొడవే, కానీ జీతం తీసుకుంటూ నడిచే వీలుంది. ఈలోగా అప్రెంటిస్‌గా చేరితే 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం స్టైపెండ్ ఇస్తారు. అప్రెంటిస్ అంటే ఉద్యోగం కాదు, అయిపోయాక కంపెనీ ఉంచుకోవాలన్న గ్యారంటీ లేదు. అయినా రైల్వే, విద్యుత్ నోటిఫికేషన్లు చూస్తున్నప్పుడు ఆ ఏడాది అనుభవం పనికొస్తుంది.

ఇంటర్ ఒకేషనల్, బడిలో తొమ్మిదో తరగతి ఒకేషనల్, ఐటీఐ: మూడూ ఒకటేనా?

మూడూ వేరు. కొన్ని హైస్కూళ్లు, మోడల్ స్కూళ్లు, కస్తూర్బాల్లో తొమ్మిది నుంచి ఐటీ, వ్యవసాయం, బ్యూటీ లాంటివి రెగ్యులర్ సబ్జెక్టులతో పాటు నేర్పుతారు. వాటి పాఠాలు తయారుచేసేది భోపాల్‌లోని ఎన్‌సీఈఆర్‌టీ వృత్తి విద్యా సంస్థ. అది రుచి చూపించే చదువు, దానితోనే ఉద్యోగం రాదు. ఇంటర్ ఒకేషనల్ మన ఇంటర్ బోర్డుది. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ లాంటి కోర్సులకు పాలమూరు పిల్లల్లో గిరాకీ ఎక్కువ. తర్వాత మామూలు డిగ్రీ వైపు పోవాలంటే బ్రిడ్జి కోర్సు రాయాలి. ఈ ముక్క అడ్మిషన్ రోజు ఎవరూ చెప్పరు.

మా ఆయన వడ్రంగి, మరిది మగ్గం నేస్తడు. వాళ్లకు శిక్షణ ఏమన్న ఉన్నదా?

వడ్రంగికి పీఎం విశ్వకర్మ ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైంది. 18 చేతివృత్తులకు వర్తిస్తుంది. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా, తక్కువ వడ్డీ అప్పు. మగ్గం నేసేవాళ్లు ఆ 18లో లేరు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట ఉన్న ప్రాంతంలో ఇది మింగుడుపడని మాటే. నేతన్నలు చేనేత, జౌళి శాఖ పథకాలు చూడాలి. ఆ ఆఫీసు వేరు. పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ పల్లె యువతకు పని నేర్పుతుంది. ఇంట్లో చదువు మానేసిన పిల్లలుంటే ఒకసారి పోయి చూడండి.

పేరులో అక్షరం తప్పు పడ్డది. అపార్ ఐడీ అయితలేదు.

అపార్ అంటే విద్యార్థికి 12 అంకెల శాశ్వత నంబర్. బడి రికార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకటే ఉండాలి. తల్లిదండ్రుల సమ్మతి తీసుకునే చేయాలి. ఏది తప్పో ముందు చూడండి. ఆధార్‌లో తప్పైతే ఆధార్ కేంద్రం, బడి రిజిస్టర్‌లో తప్పైతే హెచ్‌ఎం. టెన్త్ కంటే ముందే దిద్దించుకోండి. టెన్త్ మెమోలోకి ఎక్కితే హెచ్‌ఎం, డీఈఓ, పరీక్షల విభాగం అంటూ మూడు మెట్లెక్కాలి.

ఎవరూ వినకపోతే ఎక్కడికి పోవాలె?

బడి సంగతైతే హెచ్‌ఎం, ఎంఈఓ, డీఈఓ, ఆ వరసలో. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. సీబీఎస్‌ఈ, నవోదయ, ఎన్‌ఐఓఎస్, జాతీయ స్కాలర్‌షిప్ సంగతులు కేంద్రానివి కాబట్టి వాటికి కేంద్ర ప్రజా ఫిర్యాదుల పోర్టల్. ఐటీఐ అయితే ముందు ప్రిన్సిపాల్, తర్వాత ఉపాధి, శిక్షణ శాఖ.

ఇవన్నీ తిరిగినా జవాబు రాకపోతే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెలుగులోనే రాయొచ్చు, తెల్లరేషన్ కార్డువాళ్లకు ఆ పది కూడా అక్కర్లేదు. "నా కూతురు స్కాలర్‌షిప్ ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గర ఉంది?" అని ఒక్క వాక్యం చాలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. తప్పు ఆఫీసుకు పంపారనుకోండి, ఈ ఒక్క చోట మీరు బస్సెక్కనక్కర్లేదు. అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకు వాళ్లే పంపాలని అదే చట్టంలో ఉంది.